ఎక్కడ ఎగరాలో తెలియని పాట

నవంబరు రెండో శనివారం, సాయంత్రం. ఢిల్లీ పక్కన వైశాలి, మా ఇంటి హాలు.

హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా మనవరాలు, జియా సరాయ్‌లో గది తీసుకుని కోచింగ్‌కు వెళ్తున్న ఆమె స్నేహితుడు, మేట్రన్ గారు, మా చర్చి పాటల బృందం, క్వయర్‌లో మరికొందరు. రానివారు: మా అబ్బాయి, ఆఫీసు పని మీద ఊరెళ్ళాడు, కోడలు, ఆస్పత్రిలో డ్యూటీ, ఆడవాళ్ళ కింది గొంతైన ఆల్టో వరుసలో పాడే ఒక నర్సమ్మ, ఆమెకూ డ్యూటీయే.

డైరీలో ఏ రోజైనా ముందు ఇలాగే రాస్తాను. ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగంలో పనిచేసినన్నాళ్ళూ పొద్దున్నే వచ్చిన రోగులెవరో రాసుకునేవాణ్ణి. చర్చిలో క్వయర్ బాధ్యత తీసుకున్నాక ప్రాక్టీసుకు ఎవరొచ్చారో రాసుకోవడం మొదలైంది. ఎవరున్నారో రాసుకుంటే ఏం జరిగిందో దాని వెనకే గుర్తొస్తుంది. ఆ శనివారం మాత్రం జాబితా దగ్గరే ఆగిపోయాను. ఒక వాక్యం మొదలుపెట్టాను, కొట్టేశాను. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, వచ్చాను, ఇంకో వాక్యం రాశాను, అదీ కొట్టేశాను. ఇప్పుడు నింపాదిగా రాద్దామని కూర్చున్నా కాలు ఊరికే ఆడుతోంది.

సంగతి ఇది. మర్నాడు ఉదయం చర్చికి బయల్దేరేలోపు మా మనవరాలు కరోల్ బాగ్‌లోని తన పియానో టీచరుకు ఫోను చేసి, ఆఖరి గ్రేడ్ పరీక్షకు కూర్చుంటుందో లేదో చెప్పాలి. ఆవిడ ఆ రోజే పిల్లల పేర్లు పంపేస్తున్నారు. ఒకటో గ్రేడ్ నుంచి మెట్టు మెట్టుగా ఎక్కుతూ వచ్చిన పిల్ల, ఆఖరి మెట్టు ముందు నిలబడి, వెనక్కి దిగిపోతానంటోంది. పరీక్ష ఒక్కటే కాదు, పాఠాలూ మానేస్తుందట.

ఆ పాఠాలకు తీసుకెళ్ళింది నేను. ఇక్కడ మెట్రో ఎక్కితే కరోల్ బాగ్‌లోనే దిగడం, మధ్యలో మారే పని లేదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని, ఆ వారం పాఠం మొత్తం నా మణికట్టు మీద వేళ్ళతో వాయించేది. యమున దాటేసరికి ఒకసారి పూర్తయ్యేది. ఎక్కడ తప్పు పోయిందో నాకు తెలిసేది కాదు గాని, ఆమెకు తెలిసేది; నా చెయ్యి విదిలించి మళ్ళీ మొదలుపెట్టేది.

ఇప్పుడు ఆమెకు కాలేజీ ఆఖరి సంవత్సరం. రెండేళ్ళుగా లాప్‌టాప్‌లో డాన్సు సంగీతం కడుతోంది. కాలేజీ ఉత్సవాల్లో, క్లబ్బుల్లో పెద్ద స్పీకర్లు పెట్టి వందలమంది ఒకేసారి ఎగురుతుంటారే, అది. అందులో వాయిద్యం పట్టుకునేవాళ్ళు ఉండరు. దరువు, అడుగు స్వరం, గొంతు ముక్కలు, అన్నీ తెర మీద ఇటుకల్లా పేర్చుకుంటూ పోతారు. నాకది సంగీతమా కాదా అన్న పేచీ ఎప్పుడూ లేదు. క్వయర్ నడిపేవాడికి ఎవరు పాడినా సంతోషమే.

అక్టోబరులో నోయిడాలో ఒక కాలేజీ ఉత్సవంలో ఆమెకూ, జియా సరాయ్ కుర్రాడికీ చెరో అరగంట ఇచ్చారు. ముందు అతను. అతనికి సంగీతం రాదు, అతనే చెప్తాడు. మైదానం నిండిపోయిందట. తర్వాత ఈమె. మొదటి ఐదు నిమిషాలు జనం నిలబడి విన్నారు. తర్వాత ఒక్కొక్కరే గోల్‌గప్పాల బండి, అదే మన పానీపూరీ బండి, వైపు నడిచారు. ఆమె మా ఆవిడతో ఏడుస్తూ చెప్పిన మాటల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది ఆ గోల్‌గప్పాల బండే.

"నానమ్మా, వాళ్ళు తిట్టినా బాగుండేది. తాళీ భీ బజాయీ. తప్పట్లు కొట్టి వెళ్ళి గోల్‌గప్పా తిన్నారు."

ఆ వారమంతా పియానో మూత తెరవలేదు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర నాతో అంది: "తాతయ్యా, ట్రెయినింగ్ నే ముఝే ఖరాబ్ కర్ దియా. నేర్చుకోబట్టే నాకు రావట్లేదు."

నేను ముద్ద పక్కన పెట్టి లేచి చెయ్యి కడుక్కున్నాను. అప్పట్నుంచి శనివారం దాకా కుదురుగా కూర్చున్న గుర్తు లేదు.

ఆ శనివారం క్వయర్ ప్రాక్టీసు మా ఇంట్లో పెట్టుకోవాల్సి వచ్చింది. మర్నాడు కోత పండుగ. చర్చి హాలంతా గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరకు గడలతో అలంకరిస్తున్నారు. మాకెవరికీ పొలాలు లేవు. సబ్జీ మండీలో కొని తెచ్చి దేవుడికి అర్పిస్తాం, ఆరాధన అయ్యాక వేలం పెట్టి మళ్ళీ మేమే కొనుక్కుంటాం. ఢిల్లీకి నర్సులుగా వచ్చిన మొదటి తరం పెట్టిన అలవాటు, ఎవరూ మార్చలేదు.

బయట పొగ. కిటికీలు మూసి, గాలి శుభ్రం చేసే యంత్రం పెట్టుకుని కూర్చున్నాం. కుర్రాడు స్పీకరు భుజాన వేసుకుని వచ్చాడు. కరీంనగర్ వైపు పిల్లాడు, పొడుగ్గా ఉంటాడు, మా గుమ్మంలో ప్రతిసారీ తల వంచుతాడు.

"తాతా, గీ స్పీకర్ ఏడ పెట్టాలె?"

"ఆ ఫ్రిజ్ పక్కన పెట్టు నాయనా," అంది మా ఆవిడ. "గట్టిగా పెట్టకు. పెడితే కింద ఇంటి ఆంటీ చీపురు కర్రతో పైకప్పు కొడుతుంది."

"కొట్టనీయ్ నానమ్మా, దరువు కలుస్తది."

మేట్రన్ గారు అప్పటికే సోఫాలో తన చోటు చూసుకుని కూర్చున్నారు. పెద్ద ఆస్పత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరయ్యారు, బాపట్ల వైపు మనిషి. ఆల్టో వరుసకు ఆవిడే పెద్ద. క్వయర్ మొత్తానికీ తానే పెద్దననుకుంటారు, నేనూ కాదనను.

మా మనవరాలు హాలు మధ్యలో నిలబడింది. "అందరూ కొంచెం సేపు నా కోసం కూర్చోండి, ప్లీజ్. రెండు ట్రాక్స్ వినిపిస్తాను. ఏది ఎవరిదో చెప్పను."

"డాన్సు చెయ్యాలా ఏంటి?" అన్నారు మేట్రన్ గారు. "నా మోకాళ్ళు రెండూ మార్పించినవి. ఎగిరితే గ్యారంటీ పోతుంది."

"వద్దు ఆంటీ. కూర్చుని వినండి, బస్."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రాగం గురించి నన్నడిగితే కొంత చెప్పగలను గాని, ఇలాంటి పాటల గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. కాళ్ళు మాత్రం చూడగలను. ఉద్యోగమంతా మనుషుల పాదాల వైపు చూస్తూనే గడిచింది. అందుకని కిందికి చూస్తూ నిలబడ్డాను.

మొదటిది మొదలైంది. ఎవరిదో చెప్పక్కర్లేకుండానే తెలిసింది, మా పిల్లదే. ముచ్చటగా ఉంది. ఒక చిన్న వరుస వచ్చింది, దాని కింద దరువు చేరింది. సోఫా ముందున్న పాదాలు ఒక్కొక్కటీ మేలుకున్నాయి: మేట్రన్ గారి బొటనవేలు, మా ఆవిడ మడమ, వెనక కుర్చీల్లో ఎవరిదో చెప్పు. కదలిక ఊపందుకునే సమయానికి స్వరాల కూర్పు మారింది. అందంగానే మారింది. పాదాలు ఆగి, తలలు లేచాయి. మళ్ళీ పాదాలు అందుకున్నాయి; మళ్ళీ కొత్తది వచ్చింది; మళ్ళీ తలలు లేచాయి. పాట ముగిసేసరికి అందరూ బుద్ధిగా, ప్రసంగం విన్నట్టు కూర్చుని ఉన్నారు.

"బాగుందమ్మాయ్," అన్నారు మేట్రన్ గారు. "చాలా ఉన్నాయి ఇందులో. పెళ్ళి భోజనం వడ్డించినట్టుంది. ఏది ముందు తినాలో తెలీక ఆకు వంక చూస్తూ కూర్చున్నాను."

మనవరాలి మొహం చూడకుండా నేను గాలి యంత్రం వేగం తగ్గించడానికి వెళ్ళాను.

"గదే ఆంటీ నేను జెప్పేది," అన్నాడు కుర్రాడు. "గామె పాట మంచిగనే ఉంటది. కానీ ఎగురుదమంటే ఎక్కడ ఎగరాల్నో తెల్వది."

"నువ్వు చుప్ రహో. నీది పెట్టు," అంది మనవరాలు.

అతనిది పెట్టాడు. దరువు, దాని మీద ఎవరో ఆడపిల్ల గొంతు ముక్క, ఒకటే మాట తిరిగి తిరిగి వస్తోంది. అంతే. ఇంకేదో వస్తుందని చూశాను, రాలేదు. పాదాలు మొదలయ్యాయి, ఆగలేదు. గ్యారంటీ సంగతి మరిచిపోయి మేట్రన్ గారి మోకాలు కూడా కదులుతోంది. నా వేలు గోడ మీద కొడుతోందని కొంచెం సేపయ్యాక గానీ తెలియలేదు.

మా ఆవిడ ఒక్కతే మొహం చిట్లించింది. కాళ్ళు ఆడిస్తూనే చిట్లించింది.

"ఏంటో అండీ, పులిసిన పిండి వాసనలాగ ఏదో ఉంది ఇందులో."

"యెస్," అంది మనవరాలు, వెంటనే. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "ఆ అమ్మాయి గొంతుకీ కింద స్వరానికీ పడట్లేదు. చుభ్ రహా హై. ఇది అర మెట్టు పైకి జరగాలి." ఏదో పట్టుకుని జరిపింది. మళ్ళీ వినిపించింది. మా ఆవిడ మొహం విప్పారింది.

కుర్రాడు తల గోక్కున్నాడు. "నాకైతే ఏం ఫరక్ తెలుస్తలేదు. నీకెట్ల తెలిసింది?"

"పిన్నీసు గుచ్చుకున్నట్టు ఉంటుంది. అందులో గొప్పేముంది? సాఫ్ట్‌వేర్‌లో దానికో బటన్ ఉంది. వో భీ కర్ దేతా హై, అదీ సరిచేసేస్తుంది."

"మరి నువ్వెందుకు నొక్కలేదు నాయనా ఆ బటను?" అని అడిగింది మా ఆవిడ.

"తప్పున్నదని తెలిస్తే గద నానమ్మా నొక్కేది."

నేను సంతోషపడబోయాను. అదిగో, చదువుకు విలువ ఉంది కదా అనబోయాను. ఆమె నా వైపు తిరిగింది.

"తప్పుతోనే వాయించాడు కదా తాతయ్యా నోయిడాలో. ఇదే ట్రాక్. ఇదే తప్పు. అందరూ ఎగిరారు. నాది ఒక్క తప్పు లేదు. ఎవరూ ఎగరలేదు."

నా దగ్గర మిగిలిన ఆశ ఒకటుంది. కుర్రాడి ఇంట్లో ఎవరైనా డప్పు కొట్టేవాళ్ళో, ఒగ్గు కథ చెప్పేవాళ్ళో ఉండి ఉంటారని, అతనికీ ఒక చదువు తెలియకుండానే అబ్బి ఉంటుందని. అడిగాను.

నవ్వాడు. "డప్పు లేదు గిప్పు లేదు తాతా. మా నాయిన బ్యాంకుల పని చేస్తడు. ఇంట్ల రేడియో కూడా పెట్టనియ్యడు, లెక్కలు తప్పుతయంటడు. నేను ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న. బళ్ళె పాటల పోటీ పెడితే నన్ను మొదటి లైన్లనే దింపేసిన్రు."

ఆ ఆశా పోయింది.

"చెప్పండి తాతయ్యా," అంది మనవరాలు. అందరి ముందూ, సూటిగా. "మీరే నేర్పారు, ఒక చరణం పాడినట్టు ఇంకో చరణం పాడకూడదని. మొదటిది అందరూ, రెండోది ఆడవాళ్ళు, మూడోది మెల్లగా. టీచరూ అదే నేర్పింది. ఇప్పుడు నా చెయ్యి ఊరుకోదు. నాలుగు దరువులు అవగానే ఏదో మార్చేస్తుంది. మానేయనా? రేపు ఫోన్లో ఏం చెప్పను?"

క్వయర్ మొత్తం నా వైపు చూసింది.

"పాలు అయిపోయాయేమో, తెస్తాను," అని చెప్పులు వేసుకున్నాను.

కింద మా సొసైటీ చుట్టూ నడిచే బాట ఒకటుంది. పొగలో కూడా అయిదారుగురు తిరుగుతున్నారు, మొహాలకు గుడ్డలు కట్టుకుని. నేనూ వాళ్ళలో పడ్డాను. పాల బూత్ దాటాను, మళ్ళీ దాటాను. పరీక్షకు కూర్చోమని చెప్పాలని ఒక చుట్టులో అనిపిస్తోంది. ఇంకో చుట్టులో, ఎందుకు చెప్పాలి, నా మణికట్టు మీద వేళ్ళాడించిన పిల్ల ఆఖరి గ్రేడ్ దాటితే చూడాలని నాకుంది కాబట్టా, అనిపిస్తోంది. ముందు నడిచేవాళ్ళ అడుగులు చూస్తూ నడిచాను.

వార్డులో ఒకాయన ఉండేవాడు, పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. చదువుకున్నవాడు. నేను చెప్పిందల్లా శ్రద్ధగా విన్నాడు, కండరాల పేర్లతో సహా. కాలు ఎత్తేముందు ఏ కండరం బిగించాలో నాకంటే ముందు చెప్పేవాడు. వరండాలో నిలబెడితే అడుగు పడేది కాదు. ప్రతి అడుగునూ ఆలోచించి వేయబోయేవాడు. పక్క మంచం మీద ఆయనకు ఏమీ తెలియదు, నేను చెప్పిందేదీ వినలేదు, ఒకరోజు బాత్రూముకు తొందరై నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అలాగని ఆ పాఠాలన్నీ దండగ అనగలనా? మేం లేకపోయినా నడిచేవాళ్ళు ఉంటారు. మేం ఎంత చేసినా నడవనివాళ్ళు ఉంటారు. మధ్యలో ఉన్నవాళ్ళ కోసమే మా విభాగం. ఎవరు మధ్యలో ఉన్నారో మొదటి రోజు చూసి ఎవరూ చెప్పలేరు.

ఇది ఆమెకు చెప్పవచ్చు. కానీ ఆమె అడిగింది రేపు ఫోన్లో ఏం చెప్పాలని. దానికి ఇది జవాబు కాదు.

పైకి వచ్చేసరికి మా ఆవిడ తలుపు తీసి నా చేతుల వైపు చూసింది. "పాలేవీ?"

మళ్ళీ వెళ్ళబోయాను. "వద్దులెండి, కూర్చోండి. మీరలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ప్రాక్టీసు మొదలుపెట్టండి, వాళ్ళు ఇళ్ళకు పోవాలి."

మర్నాటి పాట నాలుగు వరుసలది. పల్లవి దగ్గర ఆడవాళ్ళలో పై గొంతువాళ్ళు, సోప్రానోలు, పైపైకి ఎక్కుతారు, మగవాళ్ళు కింద నుంచి జవాబిస్తారు, మధ్యలో ఆల్టోలు దాదాపు కదలరు. ఒకే స్వరం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి. మా మనవరాలు ఎప్పటిలాగే కీబోర్డు ముందు కూర్చుని స్వరం ఇచ్చింది. పల్లవి సగంలోనే కింద నేల ఊడినట్టయింది. రావలసిన నర్సమ్మ లేకపోవడంతో ఆల్టో వరుసలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే ఆ స్వరం తెగిపోతోంది.

"మాస్టారూ, ఇట్లా కుదరదు," అన్నారు మేట్రన్ గారు. "నాకింకో గొంతు కావాలి. ఏమ్మాయ్, నువ్వు రా ఇటు."

"నేను కీబోర్డు ఆంటీ."

"కీబోర్డుకేం, ప్రాక్టీసే కదా. తాతగారు ఒక స్వరం నొక్కి కూర్చుంటారు. రా. ఏమీ లేదు ఇందులో. మాది కుక్కర్ విజిల్ పాట, ఒకటే కూత."

మనవరాలు లేచింది. నాలుగు వరుసలూ ఆమెకు చేతివేళ్ళ మీద ఉంటాయి. ఆల్టో స్వరం ఎన్నోసార్లు ఒక వేలితో నొక్కి పట్టుకునే ఉంటుంది. గొంతుతో ఎప్పుడూ పట్టుకోలేదు. చిన్నప్పటి నుంచి పాడితే సోప్రానోయే.

మొదలుపెట్టాం. రెండో పంక్తికే ఆమె గొంతు మెల్లగా సోప్రానో వెంట పైకి పోయింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు మేట్రన్ గారు, పాడటం ఆపకుండానే, అదే స్వరం మీద. క్వయర్ నవ్వి ఆగిపోయింది.

మళ్ళీ మొదలు. ఈసారి పైకి పోలేదు, కిందికి జారింది. తనకు తెలియకుండానే ఒక చిన్న మలుపు వేసింది. బాగుంది కూడా. మేట్రన్ గారు ఆమె మోచేతి మీద తట్టారు. "అందంగా పాడకు. మమ్మల్నెవరూ వినరు. మేం లేనప్పుడే తెలుస్తుంది వాళ్ళకి."

"బోర్ కొట్టదా ఆంటీ?"

"కొడుతుంది. అప్పుడు పక్కవాళ్ళని విను. పైనున్నవాళ్ళు ఎక్కడికి పోతున్నారో, కిందవాళ్ళు ఎక్కడున్నారో. నీ స్వరం మారదు గాని వాళ్ళు కదిలినప్పుడల్లా అది కొత్తగా వినిపిస్తుంది. నీ ఊపిరి నా ఊపిరితో పాటు తీసుకోవద్దు. నేను తీసుకున్నాక తీసుకో. వరుస తెగకూడదు."

మళ్ళీ, మళ్ళీ. నేను ఒక వేలితో కీబోర్డు నొక్కి ఉంచి, రెండో చేత్తో తాళం చూపిస్తున్నాను. కుర్రాడు ఫ్రిజ్‌కు ఆనుకుని చూస్తున్నాడు. "నువ్వు గాడ నిలవడ్తలేవు," అన్నాడు ఒకసారి, వెటకారంగా. ఆమె అతని మీదికి స్వరాలు రాసిన కాగితం ఒకటి ఉండచుట్టి విసిరింది. మరోసారి మొదలుపెట్టినప్పుడు పల్లవి చివరి దాకా వచ్చింది. నిలబడింది. కళ్ళు మూసుకోలేదు, తన్మయత్వమేమీ లేదు. కోపంగా, మొండిగా, పిడికిలి బిగించి నిలబడింది. సోప్రానోలు ఆ ఎత్తు మీదికి ఎక్కినప్పుడు ఆమె కనుబొమలు ఒక్కసారి కదిలాయి, గొంతు కదలలేదు.

క్వయర్ వెళ్ళిపోయింది. మేట్రన్ గారు గుమ్మంలో మా ఆవిడతో మోకాళ్ళ గురించి చాలాసేపు మాట్లాడి వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. తన ట్రాక్ తెరిచింది. తెర మీద రంగురంగుల ముక్కలు, వరసలు వరసలుగా. ఒకటి తీసేసింది. ఇంకొకటి. కుర్రాడు పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"అరే, గది మంచిగుండె కద. గది ఎందుకు తీస్తున్నవ్?"

"మంచిగుంది కాబట్టే."

"గట్లయితే మొత్తం తీసెయ్. నా పాట లెక్కనే అయితది."

"నీ పాట లెక్క కాదు. నీకు అదొక్కటే వచ్చు. నాకు అన్నీ వచ్చి తీస్తున్నా."

"అబ్బో. వినేటోనికి ఏమెరుక తీసినవో, రాకనే పెట్టలేదో?"

ఆమె ఆగింది. నేనూ ఆగాను, హాలు మధ్యలో, చేతిలో పాటల కాగితాలతో. ఆ ప్రశ్నకు ఆమె ఏమంటుందో వినాలని నాకు చాలా ఉంది. ఆమె ఇంకో ముక్క తీసేసింది, తర్వాత తీసినదాన్ని మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. మాకు వినిపించమని మా ఆవిడ అడిగితే, "అభీ నహీ నానమ్మా," అంది.

కుర్రాడు ఆఖరి మెట్రో దాకా ఉండకుండా అన్నం తిని వెళ్ళాడు. స్పీకరు మా ఇంట్లోనే వదిలేశాడు, మర్నాడు వేలం పాటకు పనికొస్తుందని.

నేను ఆమె పక్కకు వెళ్ళి, వార్డులో మనిషి సంగతి మొదలుపెట్టాను. సగం విని, "తాతయ్యా, పరీక్షకు కూర్చోను," అంది. మెత్తగానే అంది. "ముందే అనుకున్నాను. ఇప్పుడు ఇంకా అనుకుంటున్నాను. మేట్రన్ ఆంటీ చేసేది ఆ పరీక్షలో ఎక్కడా లేదు."

"అది కూడా చదువేనమ్మా."

"ఆ. మరి అది నాకెవరూ నేర్పలేదు కదా."

ఇంతసేపూ అడిగింది ఆమె, జవాబు దాటేసి తిరిగింది నేను. ఇప్పుడు నేనడుగుదామంటే ఆమె లాప్‌టాప్‌కు ఇయర్‌ఫోన్లు తగిలించుకుంది.

మర్నాడు ఉదయం నేను టై కట్టుకుంటుండగా ఫోను చేసింది. స్పీకర్ మీద పెట్టింది, నేను వినాలనే కావచ్చు.

"మేడమ్, నేను ఈసారి పరీక్షకు కూర్చోవడం లేదు," అని హిందీలో చెప్పింది.

అవతల టీచరు అడిగారు, "ఈసారా, ఎప్పటికీనా?"

"పతా నహీ మేడమ్, తెలీదు."

"ఠీక్ హై. నీ పేరు తీసేస్తున్నాను." కోపం లేదు ఆ గొంతులో. దగ్గరలో ఎవరో పిల్లలు స్కేళ్ళు వాయిస్తున్నారు, వాళ్ళను ఆపి మాట్లాడటం లేదు ఆవిడ. "పియానో మాత్రం మూసి ఉంచకు. చలికాలం తీగలు వదులవుతాయి." పెట్టేశారు.

టై ముడి రెండుసార్లు తప్పుగా వేశాను. మా ఆవిడ వచ్చి కట్టింది. నా మెడ మీద అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా బిగించింది.

చర్చిలో ఆరాధన మొదలయ్యే ముందు నేను కీబోర్డు వైపు చూశాను. దాని ముందు కుర్చీ ఖాళీగా ఉంది. మనవరాలు ఆల్టో వరుసలో, మేట్రన్ గారికీ ఇంకొకావిడకూ మధ్య నిలబడి ఉంది. ముందు చెప్పలేదు. నేను కళ్ళతో రమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పాస్టరు గారు నా వైపు చూస్తున్నారు. సంఘం లేచి నిలబడింది. స్వరం ఇవ్వడానికి ఎవరూ లేరు.

నేనే ఇచ్చాను. ఖాళీ కుర్చీ వైపు చూస్తూనే, గుర్తున్నదనుకున్న స్వరం మీద ఎత్తుకున్నాను. మొదటి పంక్తి పాడగానే తెలిసింది, చాలా ఎత్తున పట్టానని. అప్పటికే క్వయర్ అందుకుంది, వెనక సంఘం అందుకుంది. కోత పండుగ రోజు హాలు నిండుగా ఉంటుంది. అంతమందిని ఆపి మళ్ళీ మొదలుపెట్టడం కుదరదు. పల్లవి దగ్గర సోప్రానోలు మెడలు సాచి ఎక్కారు, ఇద్దరు సగంలో దిగిపోయారు. మగవాళ్ళు తమకు రాని ఎత్తులో ఏదో చేశారు. గుమ్మడికాయల మధ్య నిలబడి మేమంతా కేకలు పెట్టాం. ఆల్టోల వరుస ఒక్కటి తెగలేదు. వాళ్ళకూ ఆ ఎత్తు కష్టమే, మేట్రన్ గారి మొహం ఎర్రబడింది. మా మనవరాలు నా చేతి వైపు చూడలేదు. ఎదుటి గోడ వైపు చూస్తూ, ఆ ఒక్క స్వరం మీద, ఆఖరి చరణం దాకా నిలబడింది.

ఆరాధన అయ్యాక మెట్ల మీద ఎదురైంది.

"తాతయ్యా, మీరు ఒకటిన్నర మెట్టు పైన పట్టారు."

"తెలుసమ్మా. నువ్వు కీబోర్డు దగ్గరుంటే ఇలా అయ్యేదా?"

"కాదు," అని ఒప్పుకుంది. తర్వాత కొంచెం సేపు నా టై సర్దుతూ నిలబడింది. "వచ్చే వారం మీకు నేను చెవిలో స్వరం ఇస్తాను. ఆల్టోలోంచే. దానికి కీబోర్డు అక్కర్లేదు."

వరండా చివర నుంచి కుర్రాడు చెయ్యి ఊపుతున్నాడు, వేలం మొదలవుతోంది, స్పీకరు మోయడానికి రెండో చెయ్యి కావాలట. ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. నేను ఇంట్లో చెప్పదలచుకున్నవన్నీ నోట్లోనే ఉంచుకుని, ఒక అరటి గెల పాడుకోవడానికి వాళ్ళ వెనకే వెళ్ళాను.